కొత్త క్రైస్తవ సంఘం ఎక్కడ పెట్టాలి: విజయవాడ, గుంటూరు సేవకుల కోసం సమగ్ర మార్గదర్శి

పోయిన వేసవిలో ఒక కుర్ర పాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. కూర్చోకముందే అడిగారు, "అన్నా, నున్న ఊరు దాటాక అయిదు సెంట్లు తక్కువలో వస్తోంది. గుడికి బయానా ఇచ్చేద్దామా?"

"అయ్యగారూ, ఆ అయిదు సెంట్ల చుట్టూ ఎవరుంటున్నారు?" అన్నాను.

"ప్రస్తుతానికి మామిడి తోటలన్నా. రెండేళ్ళలో వెంచర్లు పడతాయంట."

మామిడికాయలకి బాప్తిస్మం ఇవ్వలేం కదా అని నవ్వేశాను గానీ, ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. నేను పాస్టరుని కాను. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన సంఘ పెద్దని. కృష్ణకి ఇటూ అటూ కలిపి ఏడు చోట్ల కొత్త సంఘాలు పెట్టేటప్పుడు వెంట తిరిగాను. నాలుగు నిలబడ్డాయి, మూడు మూతపడ్డాయి. మూతపడిన మూడింటికీ కారణాలు వేరువేరు గానీ, మూడింట్లోనూ ఒకటి మాత్రం జరిగింది: మనుషుల్ని తెలుసుకోకముందే చోటు ఖాయం చేసుకున్నాం.

అందుకే కింది మెట్లలో భూమి కాగితాల సంగతి బాగా చివరికి వస్తుంది. అక్కడికి వచ్చేదాకా బయానా మాట ఎత్తొద్దని నా మనవి.

మొదటి మెట్టు: ఎవరి కోసమో ఒక్క వాక్యం రాయండి

"విజయవాడ కోసం" అని రాస్తే పనికిరాదు. "ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే కుర్రాళ్ళ కోసం" అని రాయండి. "గోరంట్ల వైపు కొత్త అపార్ట్‌మెంట్లకి వచ్చిన, ఊళ్ళో గుడికి వెళ్ళి ఇక్కడికొచ్చాక మానేసిన కుటుంబాల కోసం" అని రాయండి. ఆ వాక్యంలో మనిషి పని, ఇల్లు, ఖాళీ దొరికే వేళ, మూడూ కనబడాలి. కనబడకపోతే మీకు ఆ మనిషి ఇంకా తెలియదు.

ప్రార్థన చేస్తే దేవుడే చూపిస్తాడు కదా, ఈ లెక్కలెందుకు అని కొందరు అడుగుతారు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తీయండి. పౌలు ఆసియా వైపు పోబోతే ఆటంకం, బితూనియ వైపు పోబోతే ఆటంకం. చివరికి త్రోయలో దర్శనం వచ్చింది, మాసిదోనియకి రమ్మని. దర్శనంలో చెప్పింది అంతవరకే. ఫిలిప్పీలో ఏ వీధికి వెళ్ళాలో దర్శనం చెప్పలేదు. వాళ్ళు కొన్నాళ్ళు ఊళ్ళో ఉన్నారు, విశ్రాంతిదినాన ఊరి బయట ఏటి ఒడ్డున ప్రార్థన జరిగే చోటు ఉంటుందనుకుని వెళ్ళారు, అక్కడ చేరిన స్త్రీలతో కూర్చుని మాట్లాడారు. లూదియ దొరికింది అక్కడే. ఆ ఏటి ఒడ్డుకి వాళ్ళు తమ కాళ్ళ మీదే వెళ్ళారు. మనం చేయాల్సిందీ అదే.

రెండో మెట్టు: పాత గీతలు తెలుసుకోండి

మన దగ్గర గుళ్ళు ఉన్నచోటే ఎందుకున్నాయో తెలియకుండా లేనిచోటు ఎందుకు లేవో అర్థం కాదు.

లూథరన్ మిషనరీ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు వచ్చాడు. అప్పటి కలెక్టరు స్టోక్స్ ఆదరించాడు. అంతకు ఏడాది ముందే, 1841లో, నోబుల్, ఫాక్స్ అనే ఇద్దరు ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీ తరఫున బందరులో దిగారు. ఒంగోలు వైపు బాప్టిస్టులు. ఒకరి పొలంలో ఒకరు అడుగు పెట్టకుండా మిషన్లు జిల్లాలు పంచుకున్నాయి. గుంటూరు లూథరన్లది, కృష్ణ ఆంగ్లికన్లది. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడి గుంటూరు దాని కేంద్రమైంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టాక కృష్ణ వైపు ఆంగ్లికన్ గుళ్ళు సీఎస్ఐ అయ్యాయి. కతోలికుల లెక్క వేరు: గుణదల కొండ మీద ఫాదర్ అర్లాటి 1924లో మేరీమాత స్వరూపం పెట్టించారు, విజయవాడ మేత్రాసనం, అంటే బిషప్ గారి పరిధి, 1937లో వచ్చింది.

ఆ పంపకాలు కాగితం మీద ఎప్పుడో పోయాయి. పెంతెకొస్తు సంఘాలు, స్వతంత్ర సంఘాలు వచ్చాక ఎవరూ అడగడం లేదు. కానీ నేల మీద ఆ గీతలు ఇంకా ఉన్నాయి. మిషన్ కాంపౌండు, దాని బడి, ఆసుపత్రి, చుట్టూ క్రైస్తవ పేట. మీరు గుంటూరులో ఏ పాత పేటకి వెళ్ళినా తాతల నాటి గుడి ఒకటి, దాన్నుంచి చీలిన గుళ్ళు మూడు, మేడల మీద ప్రార్థన మందిరాలు అయిదు కనిపిస్తాయి. అక్కడ ఇంకొకటి పెడితే జనం వస్తారు, నిజమే. పక్క గుడిలోంచి వస్తారు.

మూడో మెట్టు: జనాభా లెక్కల మీద ఆనుకోవద్దు

2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. ఆదివారం పొద్దున తెనాలి బస్సులో టికెట్లు కొట్టిన ఏ కండక్టరునైనా అడగండి, ఆ అంకె నమ్ముతాడేమో.

కారణం అందరికీ తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు. దాంతో గుడికి వెళ్ళే కుటుంబాలు ఎన్నో కాగితాల్లో హిందువులుగానే ఉంటాయి. అది తప్పా ఒప్పా అన్నది ఈ వ్యాసం పని కాదు. మీకు కావలసింది ఇంతే: వార్డు లెక్క చూసి "ఇక్కడ క్రైస్తవులు లేరు, సువార్త అందలేదు" అని రాసుకుంటే బోల్తా పడతారు. పైగా 2011 తర్వాత ఈ ప్రాంతం రాజధాని అయింది, పొలాలు ప్లాట్లయ్యాయి. ఆ అంకెలకి ఇప్పుడు విలువ లేదు.

అంకెలు కావాలంటే మీరే లెక్కపెట్టుకోండి. ఒక అంగన్‌వాడీ పరిధిలో ఎన్ని గడపలు, వాటిలో అద్దె ఇళ్ళెన్ని, ఏ ఊళ్ళ నుంచి వచ్చారు. రేషన్ షాపు దగ్గర అరగంట నిలబడితే సగం తెలుస్తుంది. ఎవరు అడిగినా మీరెవరో, ఎందుకొచ్చారో దాచకుండా చెప్పండి. సర్వే పేరు చెప్పి ప్రార్థన ఊసు దాచడం మొదటి రోజే అబద్ధంతో గుడి కట్టడం.

నాలుగో మెట్టు: మూడు నడకలు

ఇది అసలైన పని. తొందరపడితే మిగతావన్నీ దండగ.

మొదటి నడక ఆదివారం పొద్దున, ఆరు నుంచి పన్నెండు దాకా. మీరు అనుకున్న చోటు నుంచి రెండు కిలోమీటర్ల చుట్టు తిరగండి. ప్రతి ప్రార్థన స్థలం రాసుకోండి. బోర్డు ఉన్నవే కాదు, బోర్డు లేకుండా మేడ మీద డోలక్ వినబడేవి కూడా. మెట్ల కింద చెప్పులు లెక్కపెడితే హాజరు తెలిసిపోతుంది. ఆడవాళ్ళ చెప్పులెన్ని, పిల్లలవెన్ని, మగాళ్ళవెన్ని విడివిడిగా రాసుకోండి. మగాళ్ళ చెప్పులు తక్కువగా ఉంటే ఆ పేటలో మగాళ్ళు ఆ వేళకి ఎక్కడున్నారో కనుక్కోండి. పనిలోనా, నిద్రలోనా? మీ ఆరాధన వేళ అక్కడే తేలిపోవచ్చు.

ఆ పొద్దునే బస్టాపులో ఒక గంట నిలబడండి. సంచిలో బైబిలు పెట్టుకుని ఎక్కేవాళ్ళు ఎక్కడ ఎక్కుతున్నారు, ఎక్కడ దిగుతున్నారు? నేను ఉద్యోగంలో ఉండగా ఇది చూసీచూసీ అలవాటైంది. ఇబ్రహీంపట్నంలో ఎక్కి కృష్ణలంకలో దిగే తల్లీ పిల్లలు ప్రతి వారం కనబడితే, వాళ్ళకి దగ్గర్లో గుడి లేదనే అర్థం కాదు. అమ్మగారి గుడి అయ్యుండొచ్చు, పెళ్ళయిన గుడి అయ్యుండొచ్చు. అడిగితే చెప్తారు. "దగ్గర్లో ఉంటే వెళ్తారా?" అని పదిమందిని అడిగితే ఏడుగురు "వెళ్ళం" అంటే ఆ చోటు వదిలేయండి.

రెండో నడక పనిదినం సాయంత్రం. ఎవరు ఎన్నింటికి ఇంటికి చేరుతున్నారో చూడండి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనులో షిఫ్టులు, రైల్వే కాలనీల్లో డ్యూటీలు, గుంటూరు ఆసుపత్రుల్లో నర్సుల డ్యూటీలు, అన్నీ వేరువేరు. మిర్చి యార్డు వైపు అయితే ఫిబ్రవరి నుంచి మే దాకా హమాలీలకి తీరిక ఉండదు. ఆ నెలల్లో చూసి "వీళ్ళకి ఆసక్తి లేదు" అనుకోవద్దు.

మూడోది శనివారం రాత్రి, ఎనిమిది దాటాక. దీపాలు ఉన్నాయా, ఆడపిల్లలు సందులో నడవగలరా, కల్లు దుకాణమో బ్రాందీ షాపో ఎక్కడుంది, కుక్కలు ఎన్ని. నవ్వకండి. మా ఒక సంఘంలో బుధవారం ప్రార్థన కూటం ఆగిపోయింది కుక్కల వల్లే.

గుణదల ఉత్సవాలు జరిగే ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లోనూ, దసరాకి ఇంద్రకీలాద్రి రద్దీలోనూ ఈ నడకలు పెట్టుకోవద్దు. ఆ రోజుల్లో బెజవాడ బెజవాడలా ఉండదు. మరో మాట: దుర్గ గుడి మెట్ల దగ్గర కరపత్రాలు పంచే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోండి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రార్థన స్థలాల్లో ఇతర మత ప్రచారం చేయకూడదని 2007లో చట్టమే వచ్చింది. చట్టం లేకపోయినా అది మర్యాద కాదు.

అయిదో మెట్టు: ఖాళీ ఎక్కడుందో గుర్తుపట్టండి

గుడి లేనిచోటే ఖాళీ అనుకుంటాం. గుడి పక్కనే ఉండి కూడా లోపలికి రాలేనివాళ్ళు ఉంటారు. నా దృష్టిలో ఈ రెండు నగరాల మధ్య ఖాళీలు ఇలా ఉన్నాయి.

ఒకటి, కొత్త కాలనీలు. విజయవాడలో జక్కంపూడి వైపు, గుంటూరులో పేరేచర్ల వైపు ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ళు, స్థలాలు. ఊళ్ళో ఒక పేటలో కలిసి బతికినవాళ్ళు అక్కడ చెల్లాచెదురవుతారు. పాత గుడి దూరమవుతుంది, కొత్తది ఉండదు, చార్జీలు పెట్టుకుని కొన్నాళ్ళు వెళ్తారు, తర్వాత మానేస్తారు. వీళ్ళకి కావలసింది సువార్త కంటే ముందు ఒక పలకరింపు. మొదటి ఏడాదిలో వెళ్ళినవాళ్ళని గుర్తుపెట్టుకుంటారు. ఇళ్ళు కేటాయించినంత మాత్రాన జనం చేరినట్టు కాదు. తాళాలు వేసి ఉన్న ఇళ్ళెన్నో చూసుకోండి. సాయంత్రం వెలిగిన లైట్లు లెక్కపెట్టండి.

రెండోది, అపార్ట్‌మెంట్లు. కానూరు, పోరంకి, గోరంట్ల, మంగళగిరి. ఇక్కడ క్రైస్తవ కుటుంబాలు ఉంటాయి గానీ ఒకరికొకరు తెలియరు. ఫ్లాట్‌లో ప్రార్థన పెడితే అసోసియేషన్ నుంచి ఫోన్ వస్తుంది. లిఫ్టులో కొత్తవాళ్ళు, పార్కింగులో బళ్ళు. ఇక్కడ ఇంటి ప్రార్థన కంటే రోడ్డు మీద ఫంక్షన్ హాలు గంటల లెక్కన తీసుకోవడం మేలు.

మూడోది, రాజధాని పనుల క్యాంపులు. 2025 మేలో అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాక ఒడిశా, జార్ఖండ్, బీహార్, బెంగాల్ నుంచి కూలీలు దిగారు. ఒడిశాలో గజపతి జిల్లా వైపు క్రైస్తవులు గట్టిగానే ఉన్నారు, అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఆదివారం షెడ్డులో పడుకుని ఉంటారు. వాళ్ళకి తెలుగు ప్రసంగం ఏం ఉపయోగం? వాళ్ళలోనే పాట ఎత్తగలవాడు ఒకడుంటాడు. వాణ్ణి పట్టుకుని చాపలు, మంచినీళ్ళు, కంపెనీ మేనేజరు అనుమతి చూసిపెడితే చాలు. ఇక్కడ గుడి కట్టొద్దు, పని అయిపోతే క్యాంపు లేచిపోతుంది.

విద్యార్థులదీ ఇంచుమించు అదే. వడ్డేశ్వరం, నీరుకొండ, ఐనవోలు చుట్టూ యూనివర్సిటీల్లో ఈశాన్య రాష్ట్రాల పిల్లలు, ఆఫ్రికా దేశాల పిల్లలు చదువుతుంటారు. ఇంగ్లీషులో ఆరాధన పెడితే నిండుతుంది, సెలవులిస్తే ఖాళీ. ఆ ఖాళీకి టెన్షన్ పడేవాళ్ళు ఇందులో దిగొద్దు.

ఇక సభల్లో ఎవరూ మాట్లాడని ఖాళీ ఒకటుంది. చాలా ఊళ్ళలో మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో ఒక గుడి. ఒకే వేదం, ఒకే కీర్తనలు, గంట వేరు. మూడో కులం నుంచి నమ్మినవాళ్ళు ఆ రెండింటికీ రాక ఇంట్లోనే చదువుకుంటారు. కొత్త సంఘాన్ని ఏదో ఒక పేట నడిబొడ్డున పెడితే, మీరు ఎంత సమానత్వం ప్రసంగించినా స్థలమే కులం చెప్పేస్తుంది. రెండు పేటలవాళ్ళూ బస్సుకో, బియ్యానికో, నీళ్ళకో కలిసే చోటు ఉంటుంది, సాధారణంగా మెయిన్ రోడ్డు వైపు. అద్దె ఎక్కువైనా అక్కడే చూడండి. మా సంఘాల్లో నిలబడ్డ నాలుగింటిలో మూడు అలాంటి చోట ఉన్నవే.

వరద ప్రాంతాల సంగతి ఇక్కడే చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగినప్పుడు అన్నం పొట్లాలతో ఎందరో సేవకులు పడవలెక్కారు. మంచి పని. కానీ నీళ్ళు తీయకముందే బ్యానర్లు కట్టి ప్రార్థన కూటాలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలయ్యాయి. వరద నెలలో బియ్యం ఇవ్వండి, బోర్డు పెట్టొద్దు. ఆరు నెలలాగి, చేతిలో ఏమీ లేకుండా వెళ్ళి చూడండి.

ఆరో మెట్టు: పొరుగు పాస్టరు గారి ఇంటికి వెళ్ళండి

నడకల్లో రాసుకున్న జాబితాలో ఉన్న ప్రతి పాస్టరు దగ్గరికీ వెళ్ళాలి. అనుమతి కోసం అనుకోకండి, ఎవరూ ఎవరికీ అనుమతి ఇచ్చేది లేదు. "అయ్యగారూ, ఫలానా వాళ్ళ కోసం ఇక్కడ మొదలుపెట్టాలనుకుంటున్నాం. మీరు ఇప్పటికే వాళ్ళ దగ్గరికి వెళ్తున్నారా?" అని అడగండి. వెళ్తున్నామంటే ఆ పని మీది కాదు, ఆయనకి సాయపడండి. వెళ్ళడం లేదంటే ఇంకొక మాట ఇవ్వండి: మీ సంఘం నుంచి ఎవరైనా మా దగ్గరికి వస్తే ముందు మీకు ఫోన్ చేస్తాం.

మరొకడి పునాది మీద కట్టనని పౌలు రోమా పత్రికలో రాసుకున్నాడు. మనవాళ్ళకి ఆ అధ్యాయం బాగా తెలుసు, ప్రసంగిస్తారు కూడా. ఆచరణలో మటుకు కానుక ఎక్కువ ఇచ్చే కుటుంబం ఒకటి పక్క గుడిలో అలిగితే చాలు, దాని కోసం కొత్త సంఘమే లేస్తుంది. అలిగి వచ్చిన కుటుంబం మీద కట్టిన సంఘం మళ్ళీ అలుగుతుంది. మాకు మూతపడ్డ మూడింటిలో ఒకటి అలా పోయింది.

ఏడో మెట్టు: రాకపోకలు చూడండి

దూరాన్ని కిలోమీటర్లలో కొలవొద్దు. ఎన్ని బళ్ళు మారాలో కొలవండి. ఒక షేర్ ఆటో అయితే వస్తారు. రెండు మారాలంటే వర్షం పడ్డ ఆదివారం రారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కదా, అప్పట్నుంచి బస్టాపు దగ్గర్లోని చోటుకి విలువ పెరిగింది. ఆటో చార్జీకి జంకి మానేసిన ముసలమ్మలు మళ్ళీ బయలుదేరుతున్నారు. కాబట్టి లోపలి సందులో చవక హాలు కంటే బస్టాపుకి అయిదు నిమిషాల నడకలో చిన్న గది మేలు. సాయంత్రం కూటం పెట్టేటట్టయితే ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుని, దానికి అరగంట ముందు ముగించాలి. ఆదివారం సర్వీసులు తగ్గించే రూట్లు ఉంటాయి, డిపోలో అడగండి.

కాలువలు, రైలు కట్టలు మ్యాపులో గీతల్లా కనిపిస్తాయి. నడిచేవాడికి అవి గోడలు. ఏలూరు కాలువకి అవతలి పేట కంటికి ఎదురుగానే ఉంటుంది, వంతెన మీదుగా వెళ్తే ఇరవై నిమిషాలు. కొండ మీద ఇళ్ళున్న మొగల్రాజపురం, గుణదల లాంటి చోట్ల కింద గుడి పెడితే పైవాళ్ళు దిగి వస్తారు. పైన పెడితే కిందివాళ్ళు ఎక్కరు.

ఎనిమిదో మెట్టు: ముందు ఇల్లు, ఆరు నెలలు

స్థలం కొనకముందు ఆరు నెలలు ఎవరింట్లోనైనా కూడండి. ఏ ఇంట్లో అన్నది చిన్న విషయం కాదు. కింద అంతస్తు ఉండాలి, లేకపోతే మోకాళ్ళ నొప్పులవాళ్ళు రారు. మరుగుదొడ్డి వాడుకోనిచ్చే ఇల్లు కావాలి. అద్దె ఇల్లయితే యజమానికి ముందే చెప్పాలి, చెప్పకుండా మొదలుపెట్టి మూడో వారంలో సామాను రోడ్డు మీద చూసినవాళ్ళం మేం. పక్కింటివాళ్ళకి మీరే వెళ్ళి చెప్పండి: వారానికి ఇన్ని గంటలు, ఇంత మంది, మైకు ఉండదు, బళ్ళు మీ గేటు ముందు పెట్టం. ఆ మాట నిలబెట్టుకుంటే తర్వాత ఏ గొడవ వచ్చినా ఆ పక్కింటివాళ్ళే మీ తరఫున మాట్లాడతారు.

రేకుల షెడ్డు గురించి ఒక్క మాట. మే నెలలో బెజవాడ ఎండకి రేకుల కింద పదకొండు గంటలకి ఎవరూ కూర్చోలేరు. షెడ్డే గతి అయితే ఆరాధన ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదికి ముగించండి.

తొమ్మిదో మెట్టు: కాగితాలు, మైకు

ఇప్పుడు భూమి మాట.

పత్రం చూపించగానే నమ్మొద్దు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి, 22-ఎ జాబితాలో ఉందేమో చూడండి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు రిజిస్టరు కాకుండా ఆ జాబితాలో పెడతారు. చవకగా వచ్చేవాటిలో చాలా మటుకు డి-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములు. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం సాధారణంగా చెల్లదు. తెల్లకాగితం మీద రాయించుకుని గుడి కట్టాక ఎవరికీ చెప్పుకోలేరు. మాకు రెండోది మూతపడింది ఇందుకే, పునాదుల దాకా వచ్చాక. కాలువ కట్టలు, డొంకలు, పార్కు స్థలాల జోలికి అసలు పోవద్దు. బహిరంగ స్థలాల్లో అనుమతి లేని ప్రార్థనా మందిరాలు కొత్తగా కట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న అన్ని మతాలకీ కలిపి ఆదేశించింది.

ఇంటికి ప్లాను తీసుకుని గుడి కట్టడం మనవాళ్ళకి అలవాటు. ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజు అది దొరికిపోతుంది. ప్రార్థనా మందిరమని రాసే దరఖాస్తు పెట్టండి. కార్పొరేషన్లో ఒక దారి, పంచాయతీలో ఒక దారి, కాబట్టి కొనకముందే అక్కడి అధికారిని అడిగి రాసుకోండి.

ఆస్తి పాస్టరు గారి పేరునో పాస్టరమ్మ గారి పేరునో వద్దు. మనసులో మాట చెప్తున్నాను, ఎంత మంచివాళ్ళయినా వద్దు. వాళ్ళ తర్వాత పిల్లల మధ్య అది వాటా అవుతుంది. ఏడుగురు కలిస్తే 2001 చట్టం కింద సొసైటీ రిజిస్టరు చేసుకోవచ్చు, దాని పేరున కొనండి.

మైకు సంగతి. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకు కూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. చెన్నైలో ఒక సంఘానికీ పక్క కాలనీవాళ్ళకీ వచ్చిన మైకు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మైకులతో ఇరుగుపొరుగు శాంతిని చెడగొట్టి ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని 2000 ఆగస్టులో కోర్టు తేల్చింది. ఇందుకే స్థలం ఎంచేటప్పుడు గోడకి గోడ ఆనుకున్న ఇల్లుందా, పక్కన నర్సింగ్ హోము ఉందా చూడమనేది. మా ఇంట్లో పరీక్షలకి చదువుకునే మనవడున్నాడు, పక్క వీధి ఉపవాస ప్రార్థన మైకుకి నేనే విసుక్కుంటాను.

నీళ్ళు ఎంతదాకా వచ్చాయో కూడా ఈ మెట్టులోనే చూడాలి. 2024లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. గోడల మీద ఆ చార ఇంకా కొన్నిచోట్ల ఉంది. అమ్మేవాడు చూపించడు, ఎదురింటి పిల్లవాడు చూపిస్తాడు.

పదో మెట్టు: సమాధుల తోట

ఇది ఎవరూ అడగరు, మొదటి చావు వచ్చేదాకా. రెండు నగరాల్లోనూ పాత సమాధుల తోటలు నిండిపోతున్నాయి, వాటిలో చాలా మటుకు పాత సంఘాలవి. సభ్యత్వ పుస్తకంలో పేరు లేనివాళ్ళకి చోటు ఇవ్వరు, వాళ్ళని తప్పుపట్టలేం కూడా. కొత్త సంఘంలో ఒక ముసలాయన పోయినప్పుడు శవాన్ని ఆటోలో పెట్టుకుని మూడు చోట్లకి తిరిగాం. సాయంత్రం నాలుగింటికి, ఆయన పుట్టిన ఊరు పొన్నూరు అవతల పల్లెకి తీసుకెళ్ళాం. ఆ రాత్రి ఆయన కొడుకు నాతో ఏమీ అనలేదు, మళ్ళీ గుడికీ రాలేదు. ఆరో మెట్టులో పాస్టర్ల ఇళ్ళకి వెళ్ళమన్నాను కదా, అప్పుడే ఈ మాట కూడా అడగండి. స్నేహంగా ఉంటే ఒక మూల చోటిస్తారు. మున్సిపల్ శ్మశానంలో క్రైస్తవులకి విడిగా చోటుందో లేదో వార్డు సచివాలయంలో కనుక్కోండి.

పదకొండో మెట్టు: ఎప్పుడు ఆపాలో ముందే రాసుకోండి

మొదలుపెట్టే రోజే ఒక తేదీ రాసుకోండి. నేను పద్దెనిమిది నెలలంటాను. ఆ రోజుకి, మొదటి వాక్యంలో రాసుకున్న మనుషుల్లోంచి అయిదు కుటుంబాలైనా క్రమంగా వస్తున్నాయా? పక్క గుళ్ళ నుంచి వచ్చినవాళ్ళని ఈ లెక్కలో వేయొద్దు. వస్తుంటే కొనసాగండి. రాకపోతే ఉన్నవాళ్ళని దగ్గర్లోని సంఘానికి చేయి పట్టుకుని తీసుకెళ్ళి అప్పజెప్పండి. మా మూడోదాన్ని అలా చేయకుండా నాలుగేళ్ళు లాగాం. అద్దె కట్టలేక, ఒప్పుకోలేక, చివరికి పాస్టరు గారి ఆరోగ్యమే దెబ్బతింది.

నున్న స్థలం అడిగిన కుర్ర పాస్టరు గారు ఆ రోజు ముఖం చిన్నబుచ్చుకునే వెళ్ళారు. నెలన్నర తర్వాత ఫోన్ చేశారు. మూడు నడకలూ అయ్యాయట. తోటల దగ్గర కాదు, ఇవతల మామిడి మార్కెట్లో సీజనుకి వచ్చే లారీ డ్రైవర్లూ హమాలీలూ అద్దెకుండే వరస ఇళ్ళ దగ్గర ఒకామె వరండా ఇచ్చింది. సోమవారం సాయంత్రం ఏడింటికి కూటం, ఎందుకంటే అక్కడివాళ్ళకి ఆదివారమే పని ఎక్కువ. "పదకొండు మంది వచ్చారన్నా, చాపలు చాల్లేదు" అన్నారు. మా ఇంట్లో రెండు ఉన్నాయని చెప్పాను, వచ్చి పట్టుకెళ్ళారు.